పాత టేప్ రికార్డర్‌లో రబ్బరు భాగాలు: ఏవి శుభ్రం చేస్తే సరిపోతుంది, ఏవి మార్చాల్సిందే?

కాకినాడ_క్యాసెట్

అందరికీ నమస్కారం. 1980ల చివరి నాటి జపాన్ తయారీ టూ-ఇన్-వన్ ఒకటి ఉంది, సింగిల్ డెక్. రేడియో, స్పీకర్లు బాగానే ఉన్నాయి. ఇబ్బందంతా టేపు దగ్గరే. ప్లే నొక్కితే పాట కాసేపు బాగానే వచ్చి, తర్వాత సాగుతూ, ఊగుతూ వినిపిస్తుంది. ఒక్కోసారి టేపు లోపలికి లాక్కుని రోలర్‌కి చుట్టేస్తోంది. రివైండ్ సగం క్యాసెట్ దాకా వచ్చి ఆగిపోతుంది, మోటారు తిరుగుతున్న చప్పుడు మాత్రం వస్తూనే ఉంటుంది.

వెనక మూత తీసి చూశాను. ఫ్లైవీల్ (మోటారు తిప్పే బరువైన చక్రం) మీదుండే పెద్ద బెల్ట్ వదులైపోయింది, ముట్టుకుంటే వేలికి నల్లగా అంటుతోంది. టేపును నొక్కి పట్టే పించ్ రోలర్ మధ్యలో గోధుమరంగు పట్టీ ఉంది, దానికి రెండు పక్కలా రబ్బరు నున్నగా మెరుస్తోంది. రెండు రీళ్ల మధ్య అటూ ఇటూ ఊగే చిన్న చక్రం రబ్బరు గట్టిపడిపోయింది, గోరు దిగడం లేదు. కౌంటర్ బెల్ట్ పర్వాలేదనిపిస్తోంది.

వీడియోల్లో ఒకరు పెట్రోలు పెట్టి తుడవమంటారు, ఒకరు శానిటైజర్, ఇంకొకరు బ్రేక్ ఆయిల్, మరొకరు వింటర్‌గ్రీన్ నూనె. ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు? కరిగిపోయిన బెల్ట్‌కి కొత్తది ఏ సైజు తీసుకోవాలో ఎలా కొలవాలి? ఆ చిన్న చక్రం రబ్బరు ఎక్కడా విడిగా దొరకడం లేదు, దానికి దారేమిటి? వినాల్సినవి ఇంట్లో రికార్డు చేసిన పెళ్లిపాటలు, హరికథలు. వేరే కాపీలు లేవు, టేపు నలిగితే పోయినట్టే.

---

ఓరుగల్లు_టేప్‌డెక్

ముందు ఏ లక్షణం ఏ రబ్బరుదో విడదీసుకుందాం. మీ సెట్లో మూడు రబ్బర్లూ మూడు రకాలుగా పాడయ్యాయి. మూడింటికీ ఒకే మందు రాయబోతే ఉన్నది కూడా పోతుంది.

టేపు నలిగితే అందరూ పించ్ రోలర్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు దోషం ఊగే చక్రానిది, అంటే ఐడ్లర్‌ది. కాప్‌స్టన్ (ఫ్లైవీల్‌తో పాటు తిరిగే సన్న ఇనుప కడ్డీ), పించ్ రోలర్ కలిసి సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున టేపును తోస్తూనే ఉంటాయి. అలా వచ్చిన టేపును కుడివైపు రీలు ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. ఆ రీలును తిప్పేది ఐడ్లర్. దాని రబ్బరు జారితే రీలు ఆగిపోతుంది, టేపు మాత్రం వస్తూనే ఉంటుంది, పోయే దారి లేక రోలర్‌కే చుట్టుకుంటుంది. రివైండ్ సగంలో ఆగడానికీ కారణం అదే. చుట్ట పెద్దదయ్యేకొద్దీ దాన్ని లాగడానికి ఎక్కువ బలం కావాలి, జారే రబ్బరు అంత బలం ఇవ్వలేదు. బెల్ట్ వదులు కావడం దీనికి తోడైంది.

దీన్ని తేల్చుకోవడం సులువు. క్యాసెట్ లేకుండా ప్లే నొక్కి, కుడి స్పిండిల్‌ను, అంటే రీలును తిప్పే ఇరుసును, రెండు వేళ్లతో మెల్లగా పట్టుకోండి. స్పిండిల్ ఆగినప్పుడు లోపలి ఫెల్ట్ క్లచ్ జారాలి, ఐడ్లర్ మాత్రం తన పట్టు వదలకూడదు. స్పిండిల్ అంచు మీద ఐడ్లర్ రబ్బరే జారుతూ కనిపిస్తే రోగం దొరికినట్టే. సర్వీస్ మాన్యువళ్లలో ప్లే టేకప్ టార్క్ (ప్లేలో రీలు టేపును చుట్టుకునే తిప్పుడు బలం) సాధారణంగా 30 నుంచి 60 గ్రామ్-సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. చేతికి అది చాలా తక్కువ బలంలా తెలుస్తుంది, కాబట్టి స్పిండిల్ తేలిగ్గా ఆగిందని కంగారు పడకండి. వదలగానే తడబడకుండా అందుకుంటోందా అన్నదే చూడండి.

ఇక రబ్బరు స్థితి. పైపొర మాత్రమే మెరుపు తేలితే, లోపల మెత్తదనం ఉంటే, శుభ్రం చేస్తే సరిపోతుంది. మీ పించ్ రోలర్ ఈ కోవలోదే. మధ్యలోని గోధుమరంగు పట్టీ టేపు నుంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. లోపలిదాకా గట్టిపడితే, అంటే రబ్బరును మెత్తగా ఉంచే నూనెలు ఆవిరైపోయి, గాలిలోని ఆక్సిజన్ వల్ల రబ్బరు బిగుసుకుపోతే, పైపొర అరగదీస్తే కొన్నాళ్లు నడుస్తుంది కానీ మార్చడమే మేలు. మీ ఐడ్లర్ ఇక్కడుంది. కరిగి జిగురైతే మాత్రం అణువుల గొలుసులే తెగిపోయాయన్నమాట. దాన్ని వెనక్కి తెచ్చే ద్రవం ఏదీ లేదు. మీ బెల్ట్ అదే.

పించ్ రోలర్‌కి చేయాల్సింది ఇది. కరెంటు ప్లగ్ పీకి, సెల్స్ తీసేయండి. కుదిరితే రోలర్‌ను బయటికి తీయండి. ఇరుసు పైన చిన్న ప్లాస్టిక్ టోపీ గానీ ఈ-క్లిప్ గానీ ఉంటుంది. క్లిప్ ఎగిరిపోకుండా దాని మీద గుడ్డ కప్పి లాగండి. కింద, పైన వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, పిండి, చెమ్మ మాత్రమే మిగిలేలా చేసి, రోలర్ తిప్పుతూ గోధుమరంగు పోయేదాకా తుడవండి. బడ్ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండాలి. ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, అందులో తడిపి పిండిన గుడ్డతో మళ్లీ తుడిచి, మంచినీళ్ల గుడ్డతో సబ్బు పోగొట్టి ఆరనివ్వండి. ఇరుసు రంధ్రంలోకి నీళ్లు పోకూడదు.

ఆరాక మెరుపు పోయి మసక నలుపు రావాలి. ఇంకా మెరుస్తుంటే 600 నంబరు వాటర్ పేపర్ (సన్న గరుకు కాగితం) తీసుకోండి. దాన్ని చెక్క ముక్క మీద సమంగా అంటించండి, వేళ్ల మధ్య పట్టుకుని రుద్దొద్దు. రోలర్‌ను దానికి సరిపోయే కడ్డీ మీద తిప్పుతూ, చెక్క అంచు ఇరుసుకి సమాంతరంగా ఉండేలా తాకించండి. ఇక్కడే ఎక్కువ మంది పాడుచేస్తారు. ఒకవైపు ఎక్కువ అరిగితే రోలర్ కాస్త శంఖాకారమవుతుంది, టేపు పైకో కిందికో జరుగుతుంది, అంచు మడత పడుతుంది. మెరుపు పోగానే ఆపేయాలి. పొడి మిగలకుండా మళ్లీ సబ్బు నీళ్లతో తుడవాలి.

రోలర్ కాస్త సన్నబడితే వేగం మారిపోతుందేమోనని భయపడే వాళ్లుంటారు, మారదు. టేపు వేగాన్ని నిర్ణయించేది కాప్‌స్టన్ మందం, అది తిరిగే వేగం. రోలర్ పని టేపును కాప్‌స్టన్‌కి అదిమిపెట్టడమే.

పెట్టేముందు ఇరుసును తుడిచి, కుట్టుమిషన్ నూనె సూది మొనకి అంటినంత రాయండి, మిగిలింది గుడ్డతో తీసేయండి. నూనె పాకి రబ్బరు దాకా వస్తే అది ఉబ్బుతుంది. రోలర్ వేలితో తిప్పి వదిలితే తేలిగ్గా తిరగాలి. పట్టేస్తుంటే కాప్‌స్టన్ అడుగున, రోలర్ ఇరుసు దగ్గర పాత టేపు పోగులు చుట్టుకుని ఉన్నాయేమో లైటు వేసి చూడండి. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, పట్టకారుతో తీయాలి.

మీరు అడిగిన ద్రవాల సంగతి. పెట్రోలు వద్దు, రబ్బరును ఉబ్బిస్తుంది, దాని వెనకాలే ప్లాస్టిక్ పగులుతుంది. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, ఆల్కహాల్ ఎగిరిపోయాక ఆ జిడ్డు పొర రబ్బరు మీదే ఉండిపోతుంది. బ్రేక్ ఆయిల్ అసలు వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు, సిలికాన్ స్ప్రే కూడా డెక్ దగ్గరికి రానివ్వొద్దు, జారకుండా ఉండాల్సిన చోట జారుడు పూసినట్టవుతుంది. గుగ్గిలం పొడి చల్లితే పట్టు వస్తుందని కొందరు చెబుతారు. వస్తుంది, కానీ అది టేపు మీదికి, అక్కణ్నుంచి హెడ్ మీదికి చేరుతుంది.

---

విశాఖ_ఆడియో

బెల్ట్ గురించి నేను చెబుతాను. మన తీరప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. ఇలా కరిగేవాటిలో పాలీయురేథేన్ బెల్ట్‌లు ఎక్కువ, గాలిలోని తేమ వాటిని విడగొడుతుంది. సెట్ వాడకుండా బీరువాలో ఉన్నా సరే కరుగుతాయి.

తీసే పద్ధతి ముఖ్యం. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, కింద పాత పేపర్లు పరచండి, ఆ నలుపు బట్టకి అంటితే వదలదు. ముందు ఆల్కహాల్ పోయొద్దు. పోస్తే జిగురు పలచబడి సిరాలా అంతటా పాకుతుంది, మోటారు బేరింగ్‌లోకి, క్లచ్ ఫెల్ట్‌లోకి కూడా పోవచ్చు. మొదట చీపురుపుల్ల, టూత్‌పిక్, ప్లాస్టిక్ ముక్కలాంటి వాటితో ముద్దను గీకి తీయండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పుల్లీ మీద గీత పడుతుంది, ఆ గీత ప్రతి చుట్టుకీ బెల్ట్‌ని తన్నుతుంది. ముద్ద పోయాక మాత్రమే 99 శాతం ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఫ్లైవీల్ అంచు, మోటారు పుల్లీ తుడవండి. ఆఖరి గుడ్డ మీద నలుపు కనబడకూడదు. ఏ కాస్త మిగిలినా కొత్త బెల్ట్ ఆ చోట అతుక్కుని వదులుతూ పాటను ఊపుతుంది. డయల్ మీది అంకెలు, క్యాసెట్ తలుపు అద్దం దగ్గరికి ఆల్కహాల్ పోనివ్వకండి. అక్షరాలు చెరిగిపోతాయి, అక్రిలిక్ అయితే సన్న పగుళ్లు వస్తాయి.

కొలత: బెల్ట్ కరిగి సాగిపోయింది కాబట్టి దారంతో కొలవాలి. సాగని నూలు దారాన్ని బెల్ట్ నడిచే దారిలోనే మోటారు పుల్లీ, ఫ్లైవీల్ చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు కొసలు కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, పరిచి కొలవండి. వచ్చిన దాంట్లో 5 నుంచి 7 శాతం తగ్గిస్తే బల్లపరుపు బెల్ట్ లోపలి చుట్టుకొలత వస్తుంది. నలుచదరం బెల్ట్ అయితే 8 శాతం దాకా తగ్గించొచ్చు. అమ్మేవాళ్లు కొందరు వ్యాసం చెబుతారు, కొందరు చుట్టుకొలత చెబుతారు, కొందరు మడిచిన పొడవు చెబుతారు. ఏది చెబుతున్నారో అడిగి తెలుసుకోండి. వెడల్పు పుల్లీ వెడల్పు కంటే కొంచెం తక్కువుండాలి, 5 మిల్లీమీటర్ల పుల్లీకి 4 మిల్లీమీటర్ల బెల్ట్.

మందం సంగతి చాలామంది పట్టించుకోరు. బెల్ట్ మందంలో సగం పుల్లీ వ్యాసార్ధానికి కలుస్తుంది. పుల్లీ చిన్నది కాబట్టి ఆ తేడా అక్కడ బాగా కనిపిస్తుంది. 11 మిల్లీమీటర్ల పుల్లీ, 60 మిల్లీమీటర్ల ఫ్లైవీల్ అనుకోండి. 0.5 మిల్లీమీటర్ల బెల్ట్ బదులు 0.7 వేస్తే టేపు దాదాపు 1.4 శాతం వేగంగా పోతుంది. సంగీతం తెలిసిన చెవి పట్టేస్తుంది. మోటారు వెనక స్క్రూతో సరిచేసుకోవచ్చు గానీ, ఆ స్క్రూ ఉందో లేదో చూసుకున్నాకే మందం మార్చండి.

ఎక్కువ బిగుతు మంచిదనుకోకండి. మోటారు బేరింగ్ పక్కకి లాగబడి కీచుమంటుంది, పాట వణుకుతుంది. ఇంట్లో వాడే రబ్బరు బ్యాండ్ తాత్కాలికంగా కూడా వేయొద్దు, దాని మందం చుట్టూ ఒకేలా ఉండదు. పాత బెల్ట్‌ను వేడినీళ్లలో వేస్తే బిగుస్తుందని చెబుతారు, కొద్దిగా బిగుస్తుంది నిజమే, కానీ త్వరగానే మళ్లీ సాగుతుంది.

ఫ్లైవీల్ తీయాల్సి వస్తే, కాప్‌స్టన్ పైకొసన దారమంత సన్నని నైలాన్ వాషర్ ఉంటుంది. నూనెకి అంటుకుని లోపలే ఉండిపోతుంది, లేదా కింద పడిపోతుంది. అది లేకపోతే బేరింగ్ నూనె కాప్‌స్టన్ మీదికి, రోలర్ మీదికి పాకుతుంది. కనబడేదాకా వెతకండి.

---

కాకినాడ_క్యాసెట్

ఇద్దరికీ ధన్యవాదాలు. స్పిండిల్ పట్టుకుని చూస్తే ఐడ్లరే జారుతోంది. బెల్ట్ దారంతో కొలిస్తే 262 మిల్లీమీటర్లు వచ్చింది, పుల్లీ వెడల్పు 5. ఐడ్లర్ రబ్బరు ఉంగరం విడిగా ఊడి వచ్చేలా ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే రబ్బరుతో కలిపి చక్రం వ్యాసం 18 మిల్లీమీటర్లు, రబ్బరు తీశాక గాడి అడుగు వ్యాసం 13. దీనికి ఓ-రింగ్ వేస్తే నడుస్తుందా?

---

ఓరుగల్లు_టేప్‌డెక్

నడుస్తుంది. 18లోంచి 13 తీస్తే 5, రెండు పక్కలా పంచితే రబ్బరు మందం 2.5 మిల్లీమీటర్లు. లోపలి వ్యాసం 12, మందం 2.5 ఉన్న నైట్రైల్ ఓ-రింగ్ తీసుకోండి. 12ది 13 మీద ఎక్కితే 8 శాతం సాగుతుంది, ఆ పట్టు చాలు, గాడిలో జారదు. సాగినప్పుడు మందం కాస్త తగ్గి 2.4 అవుతుంది, చక్రం బయటి వ్యాసం 17.8 దాకా వస్తుంది. ఊగే ఐడ్లర్‌కి ఈ తేడా లెక్కలోకి రాదు, అదే కాస్త ఎక్కువ ఊగి అందుకుంటుంది. 10 లోపలి వ్యాసం ఉన్నది లాగి పెట్టొద్దు, అంత సాగితే రబ్బరు త్వరగా పగులుతుంది. పెద్దది పెడితే ఐడ్లర్ రెండు రీళ్లకీ ఒకేసారి తగిలే ప్రమాదం ఉంది.

ఓ-రింగులు పంపుసెట్లు, హైడ్రాలిక్ సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతాయి, ఆడియో స్పేర్ల కొట్టుకే పోనక్కర్లేదు. ఒక లోపం ఉంది. ఓ-రింగ్ గుండ్రం కాబట్టి స్పిండిల్‌ని గీతలా మాత్రమే తాకుతుంది, పాత టైరు బల్లపరుపుగా తాకేది. అందుకని బిగించాక 400 నంబరు వాటర్ పేపర్ చెక్కతో, చక్రాన్ని తిప్పుతూ, పైభాగాన ఒక మిల్లీమీటరు వెడల్పు చదునైన పట్టీ వచ్చేదాకా అరగదీయండి. చక్రాన్ని బయటికి తీసే ఇది చేయాలి. సెట్లోనే మోటారుతో తిప్పుతూ అరగదీస్తే రబ్బరు పొడి బేరింగుల్లో పడుతుంది. స్పిండిళ్ల అంచులు కూడా ఆల్కహాల్‌తో తుడవండి. పాత రబ్బరు అక్కడ నల్లటి పొర వదిలి ఉంటుంది, అది ఉంటే కొత్త రబ్బరు కూడా జారుతుంది.

అన్నిటికంటే ముందు ఐడ్లర్ ఊగే చెయ్యి చూడండి. దాని ఇరుసులో పాత గ్రీజు గడ్డకట్టి ఉంటే, ఎంత మంచి రబ్బరు వేసినా చెయ్యి బద్ధకంగా కదిలి స్పిండిల్‌ని సరిగా అందుకోదు. పాత గ్రీజు తుడిచేసి, అక్కడ కొత్త గ్రీజు గోరుకొసంత.

---

కోఠి_స్పేర్లు

బెల్ట్ 262కి 6 శాతం తగ్గిస్తే 246. 245 అడగండి, వెడల్పు 4, మందం 0.5 లేదా 0.6. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో అడగొచ్చు, చెన్నై వెళ్లేవాళ్లుంటే రిచీ స్ట్రీట్. ఆన్‌లైన్‌లో రకరకాల సైజుల మూట కూడా అమ్ముతారు, అందులో చాలావరకు నలుచదరం బెల్ట్‌లే, మీకు పనికిరావు. కొట్లో కొత్త బెల్ట్ అని ఇచ్చింది కూడా ఏళ్ల తరబడి కవర్లో ఉన్నదై ఉండొచ్చు. కొనేముందు రెండు వేళ్ల మధ్య కాస్త సాగదీసి, వెలుతురులో చుట్టూ తిప్పి చూడండి. సన్న పగుళ్లు కనిపించినా, కవర్‌లో మడతపడ్డ చోట మడత అలాగే నిలబడినా వద్దు.

ఆల్కహాల్ విషయంలో ఓరుగల్లు గారితో కొంచెం విభేదిస్తాను. మొదటిసారి ఆక్సైడ్ తీయడానికి సరే. కానీ అలవాటుగా వారం వారం ఆల్కహాల్‌తో రబ్బరు తుడిస్తే, మెత్తదనమిచ్చే నూనెలు పైపొరలోంచి మెల్లగా పోతాయి, రోలర్ మళ్లీ మెరుపెక్కుతుంది. మామూలు రోజుల్లో రబ్బరుకి సబ్బునీళ్లు, లోహానికి ఆల్కహాల్. హెడ్, కాప్‌స్టన్, గైడ్‌లకి ఎన్నిసార్లైనా ఆల్కహాల్ పెట్టొచ్చు. మందుల షాపు స్పిరిట్ కొంటే లేబుల్ చదవండి. నూనెలు, సువాసనలు కలిపినవి ఉంటాయి, 70 శాతం వాటిలో మిగతాది నీరు.

వింటర్‌గ్రీన్ నూనె అంటే మిథైల్ సాలిసిలేట్. రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. రబ్బరు రిస్టోరర్ పేరుతో విదేశాల్లో దొరికే కొన్ని సీసాల్లో ఉండేది ఇదే, జైలీన్‌తో కలిపి. మెత్తబడడం నిజమే. కానీ వ్యాసం పెరుగుతుంది, అది అన్ని వైపులా సమంగా పెరగాలని లేదు. కొన్నాళ్లకి ఆవిరై మళ్లీ గట్టిపడుతుంది, మోతాదు మించితే జిగురవుతుంది. ప్లాస్టిక్ హబ్ మీద పడితే దాన్ని కూడా మెత్తబరుస్తుంది. ప్రపంచంలో ఎక్కడా దొరకని ఐడ్లర్ టైరుకి, విడిగా తీసి, అరగదీశాక కూడా పట్టు రానప్పుడు, బడ్‌తో పలచగా ఒకసారి పూసి రెండు రోజులు ఆరబెట్టి చూడొచ్చు. పించ్ రోలర్‌కి నేను ఒప్పుకోను. అది నేరుగా టేపును తాకుతుంది, మీ హరికథల మీద ఆ రసాయనం పడనివ్వకండి.

---

ఓరుగల్లు_టేప్‌డెక్

ఆ మాటతో నాకు పేచీ లేదు. రోలర్‌కి ఆల్కహాల్ అరుదుగా, చెమ్మగా మాత్రమే, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. పాలీయురేథేన్ రోలర్లకైతే అసిటోన్, థిన్నర్ చూపించడం కూడా తప్పే.

---

డాలస్_స్పూల్

విషయానికి దగ్గరిదే కాబట్టి ఒకటి కలుపుతున్నాను. ఇక్కడ అమెరికాలో కొన్న స్పూల్ టేప్ రికార్డర్‌ను (క్యాసెట్ కాకుండా విడి రీళ్లతో నడిచేది) మన ఊరికి పంపేవాళ్లుంటారు. 230 నుంచి 120 ఓల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక కూడా పాట బరువుగా, మెల్లగా వస్తుంది. రబ్బరు జారుతోందనుకుని ఐడ్లర్ అరగదీసేస్తారు. జారుడు కాదది. ఆ కాలపు యంత్రాల్లో చాలావాటి ఏసీ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఇక్కడ 60 హెర్ట్జ్, ఇండియాలో 50. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజి మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. వేగం ఆరింట ఒక వంతు, అంటే దాదాపు 16.7 శాతం తగ్గుతుంది. ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ గానీ కాప్‌స్టన్ స్లీవ్ (కడ్డీ మీద తొడిగే గొట్టం) గానీ ఉందేమో చూడాలి. తగ్గుదల ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫ్రీక్వెన్సీ, ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువైతే రబ్బరు. మీ టూ-ఇన్-వన్‌లో డీసీ మోటారు కాబట్టి ఈ సమస్య లేదు.

ఐడ్లర్ చక్రంతో నడిచే స్పూల్ యంత్రాల్లో ఇంకో జాగ్రత్త. స్పీడ్ సెలెక్టర్‌కి న్యూట్రల్ లేదా ఆఫ్ స్థానం ఉంటే, పని అయ్యాక అందులోనే ఉంచండి. లేకపోతే మోటారు కడ్డీ ఐడ్లర్‌లోకి నొక్కుకుని గుంట పడుతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ టక్ టక్‌మని తగులుతుంది. క్యాసెట్ సెట్లకి కూడా అంతే, ప్లే నొక్కి ఉండగానే కరెంటు స్విచ్ కట్టేసి వదిలేస్తే పించ్ రోలర్‌కి కాప్‌స్టన్ అచ్చు పడుతుంది.

---

విశాఖ_ఆడియో

అన్నీ బిగించాక కూడా ఊగుడు మిగిలితే, దాని లయ లెక్కపెట్టండి, ఏ భాగమో తెలుస్తుంది. పించ్ రోలర్ వ్యాసం 13 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 41. సెకనుకు 47.6 మిల్లీమీటర్ల టేపు పోతుంది కాబట్టి పది సెకన్లలో 11, 12 సార్లు తిరుగుతుంది. వేణువు గానీ వీణ గానీ నిలకడగా మోగే చోట పది సెకన్లలో 11, 12 ఊపులు వినిపిస్తే రోలర్‌లో గుంట ఉంది. ఒకటిన్నర నుంచి మూడు సెకన్లకి ఒకసారి ఊగుతుంటే రీలు, లేదా క్యాసెట్ డబ్బాలోనే రాపిడి. అదే టేపును వేరే డబ్బాలో పెట్టి చూడండి. లెక్కపెట్టలేనంత వేగంగా, గొంతు గరగరలాడినట్టు వణికితే బెల్ట్ మడత గానీ, కాప్‌స్టన్ మీద మురికి గానీ. 2 మిల్లీమీటర్ల కాప్‌స్టన్ సెకనుకు ఏడున్నర చుట్లు తిరుగుతుంది, దాని మీద ఆవగింజలో పదోవంతు మురికి గడ్డకట్టినా పాటలో తెలుస్తుంది.

వేగం సరిచేయడానికి 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపు (ఒకే నిలకడ స్వరం రికార్డు చేసినది) ఉంటే ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టి మోటారు వెనక చిన్న రంధ్రంలోని ట్రిమ్మర్ (వేగం సరిచేసే స్క్రూ) తిప్పండి. 3150కి 3118 వస్తే ఒక శాతం మెల్లగా ఉన్నట్టు. ఆ ట్రిమ్మర్ చాలా సున్నితం, వెంట్రుకవాసి తిప్పి, పది సెకన్లు ఆగి, మళ్లీ చూడాలి. ఇనుప స్క్రూడ్రైవర్ మోటారు డబ్బాకి తగలకుండా కొసదాకా ఇన్సులేషన్ టేపు చుట్టండి. టెస్ట్ టేపు లేకపోతే పనికిరాని క్యాసెట్లోంచి టేపు లాగి, 4 మీటర్ల 76 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు వెనకవైపు తెల్ల మార్కర్‌తో పెట్టండి. మొదటి గుర్తు హెడ్ దాటినప్పటి నుంచి రెండోది దాటేదాకా సరిగ్గా 100 సెకన్లు పట్టాలి. 98 పడితే రెండు శాతం వేగం ఎక్కువున్నట్టు. కొత్త బెల్ట్ వేసిన వెంటనే కాకుండా, ఒక గంట నడిపాక ఈ కొలత తీసుకోండి, బెల్ట్ అప్పటికి కుదురుకుంటుంది.

హరికథ క్యాసెట్లు అప్పుడే పెట్టకండి. ముందు పోయినా పర్వాలేదనే క్యాసెట్ ఒకటి రెండు వైపులా పూర్తిగా నడిపి, రివైండ్ చివరిదాకా వస్తోందా చూడండి. టేపు కిటికీలోంచి చూస్తే రోలర్ దగ్గర టేపు అంచు తిన్నగా ఉండాలి, తెల్లగా ముడత మెరవకూడదు. మీ ఇంటి క్యాసెట్లలో టేపు చుట్ట అంచున తెల్లటి బూడిదలాంటిది కనిపిస్తే అది బూజు. అలాంటివాటిని విడిగా పెట్టి, శుభ్రమైనవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఆఖరున పెట్టండి. లేకపోతే ఆ బూజు రోలర్‌కి, అక్కణ్నుంచి తర్వాతి క్యాసెట్‌కి అంటుతుంది. బూజు క్యాసెట్ అయ్యాక హెడ్, కాప్‌స్టన్, రోలర్ మళ్లీ తుడవాలి. ప్రతి క్యాసెట్‌ను ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పితే అతుక్కున్న చుట్లు విడిపోతాయి, రబ్బరు మీద భారం తగ్గుతుంది. తర్వాత సెట్‌ను బీరువాలో పెడితే పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచండి, కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. నెలకోసారి తీసి పది నిమిషాలు నడపండి, బెల్ట్ ఒకే వంపులో బిగుసుకుపోకుండా ఉంటుంది.

---

కాకినాడ_క్యాసెట్

ఓ-రింగ్ 12 × 2.5 ఇక్కడి పంపుల కొట్లోనే దొరికింది, బిగించి పైన పట్టీ అరగదీశాను. కుడి స్పిండిల్ ఇప్పుడు వదలగానే అందుకుంటోంది. ఐడ్లర్ చెయ్యి ఇరుసులో మీరన్నట్టే పచ్చటి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది, తీసేశాను. బెల్ట్ 245 × 4 × 0.5 ఆర్డరు పెట్టాను. పుల్లీ తుడిచిన ఆఖరి గుడ్డ తెల్లగానే వచ్చింది. అది రాగానే 100 సెకన్ల పరీక్ష చేసి అంకెలు ఇక్కడే రాస్తాను.